నాలుగు తీగల కబుర్లు

పోయిన నెల ఈ పేజీలో ఒక మాట రాశాను. అన్ని వాయిద్యాలూ తనే వాయించి రికార్డు చేసేవాడి బేస్ (పాట అడుగున మోగే కింది గొంతు, మామూలుగా నాలుగు లావు తీగల గిటార్) వింటే, అసలు అతను ఏ వాయిద్యం మనిషో పట్టేయొచ్చు అని. నోరు జారితే వెనక్కి తీసుకోవచ్చుగానీ, అచ్చయితే ఎట్టా? ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు సరే, మూలాపేటలో టీ తాగుతుంటే ఒకాయన నా గ్లాసు చల్లారేదాకా నిలబెట్టి మరీ అడిగాడు. కాబట్టి ఈ నెల అన్నీ ఆ ప్రశ్నలే.

మాస్టారూ, మా హాస్టల్ గదిలో రెండు పార్టీలున్నాయి. అమెరికా పాటగాడు ప్రిన్స్ అన్నీ వాయించేవాడు కాబట్టి బేస్‌లో కూడా ఆయనే గొప్ప అని నా రూమ్మేట్. కాదు, బీటిల్స్ బ్యాండ్ పాల్ మెక్‌కార్ట్నీ అని నేను. తీర్పు చెప్పండి. బిర్యానీ పందెం ఉంది.
– ఇంజినీరింగ్ విద్యార్థి, కావలి

బిర్యానీ నీదే. కానీ సగం ప్లేటు రూమ్మేట్‌కి పెట్టాల్సి వస్తుంది.

ముందు పాల్ సంగతి. ఆయన బేస్‌ని కోరుకున్నవాడు కాదు. ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ వాళ్లు 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో వాయిస్తున్నప్పుడు, బేస్ వాయించే స్టూవర్ట్ సట్‌క్లిఫ్ బొమ్మలు వేసుకుంటానని బ్యాండ్ వదిలేశాడు. మిగిలినవాళ్లెవరికీ ఆ గిటార్ అక్కర్లేదు. చివరికి పాల్ మెడలో పడింది. వయొలిన్ ఆకారంలో ఉండే హోఫ్నర్ బేస్ కొన్నాడు, అది చవక. ఆయనది ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉండే ఒళ్లు కాబట్టి తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదని కూడా దాన్ని తీసుకున్నాడు. మన ఆర్కెస్ట్రాల్లోనూ ఇదే కథ. ఉన్న గిటారిస్టుల్లో ఎవడు కాస్త వెనకబడితే వాడికి బేస్ తగిలించేవాళ్లు. 1987లో నాకు తగిలించింది అందుకే. పాల్‌తో నాకున్న పోలిక అంతవరకే.

పాల్ బేస్ పాటగాడి బేస్. మామూలుగా బేస్ మనిషి ఏం చేస్తాడు? కార్డ్ (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపు) మారినప్పుడల్లా దాని షడ్జం మోగించి కూర్చుంటాడు. అందులో తప్పేం లేదు, జీతం వస్తుంది. పాల్ మాత్రం షడ్జం వస్తుందని మనం చూస్తున్న చోట గాంధారమో పంచమమో పెడతాడు. కార్డ్ అదే, కానీ కింద నేల కాస్త వంగినట్టుంటుంది. 1969 నాటి 'సమ్‌థింగ్' విను. అది బీటిల్స్‌లోనే ఉన్న జార్జ్ హారిసన్ పాట, పాడేదీ ఆయనే. గొంతు ఒక స్వరం మీద నిలబడగానే కింద బేస్ కదులుతుంది. గొంతు కదలగానే బేస్ సర్దుకుంటుంది. పాడేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో పాడేవాడికే తెలుస్తుంది. గొంతు విడిచిన ఖాళీలో పాల్ ఇంకో చిన్న పాట అల్లుతాడు.

దీనికి పనితీరు కూడా కలిసొచ్చింది. 1967 ప్రాంతానికి పాల్ చాలా పాటల్లో తన బేస్‌ని చివర్లో, మిగతావన్నీ రికార్డయ్యాక, విడిగా ఒక ట్రాక్ మీద వాయించేవాడు. పంక్తిలో అందరికీ వడ్డన అయ్యాక గిన్నె పట్టుకుని దిగినవాడికి ఏ ఆకులో ఏది తగ్గిందో కనబడుతుంది కదా, అట్టా.

ఇప్పుడు 1970లో ఆయన ఒంటరిగా చేసిన 'మెక్‌కార్ట్నీ' ఆల్బం పెట్టు. డ్రమ్స్, గిటార్లు, పియానో, బేస్ అన్నీ ఆయనే. నాకిష్టమే. కానీ బేస్ బీటిల్స్‌లో ఎగిరినట్టు ఎగరదు. వేళ్లు అవే, చెవులు అవే. మరి ఏం తగ్గింది? బీటిల్స్ డ్రమ్మర్ రింగో తగ్గాడు. డ్రమ్స్ మీద ఇంకో మనిషి ఉంటే, వాడు తర్వాత దెబ్బ ఎక్కడ వేస్తాడో నూటికి నూరుపాళ్లు తెలియదు. ఆ కొంచెం తెలియకపోవడంలోంచే బేస్ మనిషికి కొత్త దారి దొరుకుతుంది. తన డ్రమ్స్‌కి తనే బేస్ వాయించేవాడికి జవాబు ముందే తెలుసు.

ప్రిన్స్‌కి ఇక ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆయన బేస్‌తో మాట్లాడడు, డ్రమ్‌లా దరువు వేస్తాడు. 1978లో మొదటి ఆల్బం 'ఫర్ యూ' వచ్చేనాటికి పందొమ్మిదేళ్లు. తను వాయించినవంటూ 27 వాయిద్యాలు కవరు మీద వేయించుకున్నాడు. అందులో చిటికెలు కూడా ఒక వాయిద్యమే! బేస్ అయితే రకరకాలు: మామూలు బేస్, ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద వాయించే సింథ్ బేస్, గరగరలాడే ఫజ్ బేస్, గొంతుతో పాడిన బేస్.

1981లో వచ్చిన 'లెట్స్ వర్క్' చెవి పెట్టి విను. స్వరాలు కాదు, స్వరం ఆగే చోటు విను. బేస్‌లో తీగని మోగించడం ఎవడైనా చేస్తాడు. ఆపడం కష్టం. ఎడమచేతి వేలిని ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు మెట్టు) మీద నొక్కి ఉంచి, తీగ మోగాక ఒత్తిడి వదలాలి, వేలు మాత్రం తీగని వదలకూడదు. పూర్తిగా ఎత్తేస్తే ఖాళీ తీగ మోగి పరువు తీస్తుంది. ఎత్తకపోతే స్వరం సాగుతుంది. ఈ రెంటి మధ్య కాగితం మందం చోటుంటుంది. ప్రిన్స్ వేలు అక్కడే ఆడుతుంది. డ్రమ్ దెబ్బలా మొదలూ చివరా ఉన్న స్వరం కావాలంటే అదే మార్గం. అందుకే ఆయన్ని బేస్ పట్టుకున్న డ్రమ్మర్ అంటాను.

ఇక సగం ప్లేటు ఎందుకంటే, 1984లో 'వెన్ డోవ్స్ క్రై'కి బేస్ వాయించి, మొత్తం విని, ఆ బేస్‌ని తీసేశాడు. బేస్ లేకుండానే పాట విడుదలైంది, అమెరికాలో అయిదు వారాలు మొదటి స్థానంలో ఉంది. మొదటిసారి విన్నప్పుడు, బేస్ మనిషిని కాబట్టి, నాకు కోపం వచ్చింది. చింతపండు వేయకుండా నెల్లూరు చేపల పులుసు పెట్టి ఊరందరి చేతా లొట్టలు వేయించినట్టుంది. 1986 నాటి 'కిస్'లోనూ బేస్ గిటార్ లేదు. బేస్ ఒక్కటే వాయించేవాడు బతికుండగా ఆ పని చేయడు, పొట్ట కొట్టుకున్నట్టే కదా. అన్నీ చేతిలో ఉన్నవాడికే ఆ ధైర్యం వస్తుంది. ఇందులో నీ పాల్ కంటే రూమ్మేట్ ప్రిన్స్ ఒక మెట్టు పైన. లెగ్ పీస్ మాత్రం నువ్వే ఉంచుకో.

మీరు చెప్పిన పాటలు ఫోన్లో పెట్టి విన్నాను. బేస్ ఏదో, మిగతాది ఏదో నాకు తెలియలేదు. లోపం నా చెవిదా?
– సింగరాయకొండ పాఠకురాలు

చెవిది కాదమ్మా, ఫోన్‌ది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. గోరంత ఫోన్ స్పీకర్ అంత కింది శబ్దానికి గాలిని కదిలించలేదు. అదే తీగలోంచి 82, 123 అంటూ పైన పుట్టే ఉపస్వరాలను బట్టి మన మెదడే కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ముందు పాటని మామూలుగా ఒకసారి, తర్వాత కింది గొంతుని మాత్రం నోటితో పాడుకుంటూ ఒకసారి వినండి. పక్కింటివాళ్లు ఏమన్నా అనుకుంటే అనుకోనీండి. ఇళయరాజా గారి పాటలతో మొదలుపెడితే ఇంకా తేలిక. మనవైపు వాళ్లకి బేస్ అనేది ఒకటుందని తెలిసిందే ఆయన వల్ల.

అంకుల్, నేను చర్చిలో కీబోర్డు వాయిస్తాను. బేస్ గిటార్ వాయించే అన్నయ్య ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఎడమచేత్తో నేనే బేస్ వాయిస్తున్నాను. అది బేస్ కాదు, సర్దుబాటు అంటున్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

అలా అన్నవాళ్లకి 1972 నాటి 'సూపర్‌స్టిషన్' వినిపించు తల్లీ. అందులో డ్రమ్స్, క్లావినెట్ (గిటార్‌లా పలికే ఒక కీబోర్డు), బేస్ మూడూ అమెరికా పాటగాడు స్టీవీ వండరే. బేస్ అయితే గిటారే కాదు, మూగ్ సింథసైజర్ (కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డు) మీద కీలు నొక్కి వాయించింది. ఆయనకి పుట్టిన కొద్దిరోజులకే చూపు పోయింది. పదకొండేళ్లకి మోటౌన్ అనే రికార్డుల కంపెనీలో చేరాడు. అక్కడ బేస్ అంటే జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితో అన్నీ వాయించే మహానుభావుడు. కుర్ర స్టీవీ పాటలకి చాలావాటికి ఆయనే వాయించాడు. ఆ నడక ఆ పిల్లవాడి చెవుల్లో పడి, పెద్దయ్యాక ఎడమచేతిలోంచి వచ్చిందని నా నమ్మకం.

మూగ్ బేస్‌లో గిటార్‌కి లేని సుఖం ఒకటుంది, జారు. ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి మెట్లు లేకుండా జారొచ్చు. 1974లో వచ్చిన 'బూగీ ఆన్ రెగే వుమన్'లో బేస్ అలాగే జారుతూ, మధ్యలో ఎవరినో వెక్కిరిస్తున్నట్టు మూలుగుతుంది. గిటార్ ఫ్రెట్ల మీద అంత గారాలు పోవడం కుదరదు.

అట్లాగని స్టీవీ అన్ని పాటల్లోనూ తనే బేస్ వాయించాలని పట్టుబట్టలేదు. 1976 నాటి 'సర్ డ్యూక్' మధ్యలో బూరలన్నీ కలిసి పరిగెత్తే చోటొకటి ఉంది. అక్కడ వాటితో పాటు పరిగెత్తేది నేథన్ వాట్స్ బేస్ గిటార్. ఏది చేత్తో నొక్కాలో, ఏది వేళ్లతో మీటాలో తెలిసిన మనిషి స్టీవీ.

నువ్వు చూసుకోవాల్సింది రెండే. ఆ రోజుల మూగ్‌లో ఒకేసారి ఒక్క స్వరమే పలికేది. నీ కీబోర్డు అలా కాదు, ఎన్ని నొక్కితే అన్ని పలుకుతాయి. కాబట్టి ఎడమచేత్తో ఎప్పుడూ ఒక్క కీ మాత్రమే నొక్కు. రెండోది, స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్. కుడిచేతి కోసం నువ్వు పెడల్ తొక్కగానే ఎడమచేతి బేస్ కూడా సాగి, పైన పాట ఎంత బాగున్నా కింద బురద అవుతుంది. కీబోర్డుని కింద, పైన రెండు భాగాలు చేసే స్ప్లిట్ పెట్టుకుని, వీలుంటే కింది భాగానికి పెడల్ పనిచేయకుండా సెట్ చేసుకో. కుదరకపోతే ఆరాధన అయ్యేదాకా కాలు కుర్చీ కిందే ఉంచుకో.

నాకు మాత్రం ఎడమచేతి బేస్ అంటే కాస్త కడుపుమంటే. 90లలో ఆటోమేటిక్ రిథమ్ ఉన్న కీబోర్డులు వచ్చాక మా ఆర్కెస్ట్రా యజమాని, "అబ్బయా, ఇంక బేస్ దాంట్లోనే లాగించేస్తాం" అని ఒక సీజన్ మొత్తం నన్ను పిలవలేదు. తప్పు కీబోర్డుది కాదులే.

తీగల్ని బొటనవేలితో బాదడం సంగీతమా? మా ఎదురింటి కుర్రవాడు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఠకఠకలాడిస్తాడు. మీరు సంగీతం తెలిసినవారు, ఖండించండి.
– రిటైర్డ్ ఉపాధ్యాయులు, చీమకుర్తి

తొమ్మిది దాకా అంటే ఖండిస్తాను. బాదడాన్ని మాత్రం ఖండించలేనండీ, మన్నించాలి.

దాని పుట్టుక వింటే మీకు కోపం తగ్గొచ్చు. లారీ గ్రాహమ్ అనే కుర్రవాడు అమెరికాలోని ఓక్లండ్‌లో తల్లితో కలిసి వాయించేవాడు. ఆమె పాడుతూ పియానో వాయిస్తే, ఇతను గిటార్ వాయిస్తూ కాలితో ఆర్గన్ పెడల్స్ తొక్కి బేస్ అందించేవాడు. ఆర్గన్ చెడిపోయింది. అది బాగయ్యేదాకా అని ఒక బేస్ గిటార్ అద్దెకు తెచ్చాడు. ఆర్గన్ బాగవలేదు. తర్వాత డ్రమ్స్ మనిషి కూడా లేకుండా పోయాడు. ఇక లారీ బొటనవేలితో తీగని కొట్టి దాన్ని కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) చేసుకున్నాడు, చూపుడు వేలితో తీగని లాగి వదిలి స్నేర్ (ఠక్ మనే చిన్న డ్రమ్) చేసుకున్నాడు. లాగి వదిలిన తీగ ఫ్రెట్‌కి తగిలి మీరన్న 'ఠక్' వస్తుంది. అంటే ఆ కుర్రవాడు బాదుతున్నది ఒకప్పటి ఒక లేని డ్రమ్మర్‌ని. 1969 చివర్లో లారీ ఉన్న స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ బ్యాండ్ 'థ్యాంక్యూ' పాటతో అది లోకమంతా వినబడింది.

నేనూ ఒకసారి కనిపెట్టాను లెండి. 1991లో సంగం దగ్గర ఒక పల్లెలో పెళ్లి. డ్రమ్మర్ బస్సు తప్పిపోయాడు. లారీ గ్రాహమ్ పేరు కూడా అప్పటికి నాకు తెలియదు. అవసరానికి బొటనవేలితో తీగలు కొట్టడం మొదలుపెట్టాను. రెండు పాటలు బ్రహ్మాండంగా నడిచాయి. మూడో పాటలో సన్నతీగ తెగి నా చెంప మీద గీత పడింది. పెళ్లికొడుకు మేనమామ వేదిక దగ్గరికి వచ్చి, "ఏందబ్బయా, తీగల్ని అట్టా కొడతన్నావు, పామనుకున్నావా?" అన్నాడు. ఆ రాత్రి నా వాటాలోంచి తీగ ఖర్చు కోశారు. అదే పని లారీ చేస్తే చరిత్ర అయ్యింది!

ప్రిన్స్‌కి చిన్నప్పటి నుంచీ లారీ అంటే ప్రాణం. 90ల చివర్లో ఆయన్నే తెచ్చి తన వేదిక మీద పెట్టుకున్నాడు. కావలి బాబుకి ఇది కూడా వర్తిస్తుంది. 27 వాయిద్యాలు వాయించినవాడు కూడా, బేస్‌కి తనకంటే మొనగాడు ఉన్నాడని ఒప్పుకున్నాడు.

మా అబ్బాయికి పదహారేళ్లు. గిటార్, డ్రమ్స్, కీబోర్డు, బేస్ అన్నీ పట్టుకుంటాడు, ఏదీ పూర్తిగా రాదు. ఒక్కటే పట్టుకోరా అంటే ఎవరెవరివో పేర్లు చెబుతాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఆత్మకూరు

అతను చెప్పే పేర్లలో డేవ్ గ్రోల్ ఉండే ఉంటాడు. నిర్వాణా బ్యాండ్‌లో డ్రమ్మర్. ఆ బ్యాండ్ పాటగాడు కర్ట్ కొబేన్ చనిపోయాక, 1994లో స్టూడియోలో కూర్చుని దాదాపు అన్నీ తనే వాయించి 'ఫూ ఫైటర్స్' ఆల్బం చేశాడు. 1995లో అది వచ్చింది. అందులో బేస్ చక్కగా గిటార్ వెనక నడుస్తుంది, పేచీ పెట్టదు. పాటని మోసేది డ్రమ్స్. ఆయన ఇంటి భాష అది. బ్యాండ్ కట్టుకునేసరికి బేస్‌ని నేట్ మెండెల్ చేతిలో పెట్టాడు.

ఇంకో దారి లారీ వాయించిన బ్యాండ్ నాయకుడు స్లై స్టోన్‌ది. తన బ్యాండ్‌లోనే లారీ గ్రాహమ్ లాంటివాడు ఉండి కూడా, 1971 నాటి 'దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్'లో చాలా పాటలకి స్లై తనే బేస్ వాయించుకున్నాడు, తోడుగా డ్రమ్ మెషీన్. మళ్లీ మళ్లీ అదే టేపు మీద రికార్డు చేసీ చేసీ శబ్దం నలిగిపోయింది. ఆ బేస్ నిద్ర సరిపోని మనిషి గోడ పట్టుకుని నడుస్తున్నట్టుంటుంది. లారీ అయితే ఒక్కటి కూడా అలా వాయించడు, వాయించలేడు. నాకు అది అద్భుతంగా ఉంటుంది. కానీ మరుసటి ఏడాదికి లారీ ఆ బ్యాండ్‌లో లేడు.

మీవాడిని ఒక్కటే పట్టుకోమనకండి. అన్నీ పట్టుకోనీండి. ఒక్క షరతు పెట్టండి. ఇప్పటి పిల్లలు ల్యాప్‌టాప్‌లో నాలుగు ట్రాకులూ తామే నింపుకుని తలుపు తీయరు. వారానికి ఒక పూట అయినా బేస్ పట్టుకుని, తనది కాని డ్రమ్స్ పక్కన కూర్చోవాలి. ఆత్మకూరులో డ్రమ్మర్ దొరక్కపోతే డప్పు వాయించేవాళ్లు దొరుకుతారు. అడ్వాన్స్‌గా చెబుతున్నాను, వాళ్లు ఆగరు, ఇతనే వాళ్లని అందుకోవాలి.

బేస్ తీగలు ఎన్నాళ్లకి మార్చాలి? ఒక సెట్ ధర చూస్తే గుండె ఆగుతోంది.
– పేరు వద్దన్న పాఠకుడు, నెల్లూరు

పైన చెప్పిన జేమర్సన్ తెగితే తప్ప మార్చేవాడు కాదు. చేతి జిడ్డు పట్టి మొద్దుబారిన తీగల్లోనే ఆయన నాదం ఉండేది. ఆయనలా మెత్తగా, గుండ్రంగా కావాలంటే మీ పాతవే ఉంచుకోండి. లారీలా ఠక్ మనాలంటే కొత్తదనం ఉండాలి.

డబ్బుల్లేని రోజుల్లో మేము తీగలు ఉడకబెట్టేవాళ్లం. విప్పి, చుట్ట చుట్టి, మరిగే నీళ్లలో పది నిమిషాలు. చుట్ల సందుల్లో ఇరుక్కున్న జిడ్డంతా నల్లగా పైకి తేలుతుంది. తీసి, పొడిగుడ్డతో ఒక చుక్క తడి లేకుండా తుడిచి, ఎండలో ఆరబెట్టి మళ్లీ ఎక్కించాలి. నాలుగైదు ప్రోగ్రాములకి మెరుపు తిరిగొస్తుంది. రెండోసారి ఉడకబెడితే అంత రాదు, మూడోసారి తెగుతుంది.

గిన్నె మాత్రం వంటింట్లోది తీసుకోకండి. నేను మా ఇంట్లో పప్పు గిన్నె తీసుకున్నాను. ముప్పై ఏళ్లయింది, బంధువులు వచ్చినప్పుడల్లా ఆ గిన్నె కథ మళ్లీ మొదటి నుంచీ చెబుతుంది మా ఆవిడ.